నీళ్లు నేను పోస్తే... వేపచెట్టు తాగింది!

మా పెరట్లో పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న కూరగాయల మడి ఒకటుంది. ఆ కాస్త మడి కోసం మా ఇంట్లో రెండేళ్లపాటు చిన్న సైజు యుద్ధమే నడిచింది. ఒక పక్క నేను, నా వంకాయ మొక్కలు. ఇంకో పక్క మా అత్తమ్మ, ఆమె వేపచెట్టు. మధ్యలో ఎటూ చెప్పలేక మా వారు. ఎవరు గెలిచారన్నది చివర్లో చెబుతాను. ముందు నేను చేసిన పొరపాటు చెప్పాలి. పెరట్లో చెట్టూ, కూరగాయలూ రెండూ ఉన్నవాళ్లకు అది పనికొస్తుంది.

మాది హనుమకొండ. 1994లో మామయ్య ఇల్లు కట్టినప్పుడు, గృహప్రవేశమైన వారానికే పెరటి మూలన వేపమొక్క నాటారట. మామయ్య ఇప్పుడు లేరు. చెట్టు మాత్రం డాబా దాటి పెరిగింది. ఎండాకాలం మధ్యాహ్నాలు అత్తమ్మ మంచం దాని కిందే. బోనాలప్పుడు వేపమండల కోసం వాడకట్టు అంతా మా గేటు ముందే ఉంటుంది. ఉగాది పచ్చడికి పువ్వు సంగతి చెప్పనే అక్కర్లేదు. అత్తమ్మ ఆ చెట్టును 'చెట్టు' అనదు. 'పోచమ్మ' అంటుంది.

లాక్‌డౌన్‌లో మొదలైన ముచ్చట

2020లో అందరూ ఇంట్లో కూర్చుని ఏదో ఒకటి నేర్చుకున్నారు కదా, నేను కూరగాయలు పండించడం నేర్చుకున్నాను. చెట్టుకు పద్నాలుగు అడుగుల దూరంలో ఇటుకలు పేర్చి మడి కట్టించాను. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, వర్మీకంపోస్టు, కొబ్బరిపొట్టు కలిపి నింపాను. ఆ మొదటి ఏడాది పంట చూసి నాకే దిష్టి తగులుతుందేమో అనుకున్నాను. వంకాయలు, టమాటాలు, బెండకాయలు, గోంగూర... మేం తిని, పక్కింటికి ఇచ్చి, ఆడబిడ్డకు కరీంనగర్ పంపించినా మిగిలేవి.

రెండో ఏడాది కథ మారిపోయింది. 2021 ఎండాకాలంలో పొద్దున్నే తడి పెడితే మధ్యాహ్నానికి ఆకులు వేలాడేసేవి. సాయంత్రం వేలు గుచ్చి చూస్తే మట్టి పొడిపొడిగా ఉండేది. బెండమొక్కలు మోకాలెత్తు కూడా రాకుండానే ముదిరిపోయాయి. వంకాయలు ఉసిరికాయంత దగ్గరే ఆగిపోయాయి. గమనిస్తే ఇంకో సంగతి కూడా కనిపించేది. చెట్టు వైపు ఉన్న వరస మరీ నీరసం, అవతలి వరస కాస్త నయం. కానీ నాకు అప్పట్లో అది తట్టలేదు.

ఎరువు చాల్లేదేమో అనుకుని ఎరువు పెంచాను. నీళ్లు చాల్లేదేమో అనుకుని రెండు పూటలా పోశాను. మందుల షాపులో అడిగితే మూడు డబ్బాలు చేతిలో పెట్టారు. నర్సరీ నడిపే పెద్దాయన ఒక్కడే సరైన మాట చెప్పాడు. "ఒక మొక్కను వేళ్లతో సహా పీకి చూడమ్మా. వేళ్ల మీద బుడిపెలుంటే నులిపురుగులు. లేకపోతే మట్టి తవ్వి చూడు" అన్నాడు.

బెండమొక్క పీకాను. బుడిపెల్లేవు. పార తెచ్చి మట్టిలో దించితే నాలుగు అంగుళాలు దిగి ఆగిపోయింది. గడ్డపారతో పెకలిస్తే మట్టి బదులు ఒక చాప లేచింది! నిజంగా చాపే. కొబ్బరి పీచు పరుపులాగా అల్లుకుపోయిన సన్నటి ఎర్రటి వేళ్లు. వాటిలో అక్కడక్కడా పెన్సిలంత లావువి. ఒకటి గోటితో గీరి వాసన చూస్తే వేప. నేను రోజూ రెండు పూటలా పోసిన నీళ్లు, బస్తాలకు బస్తాలు వేసిన ఎరువు ఎటు పోతున్నాయో అప్పుడు అర్థమైంది.

అసలు వేళ్లు ఎందుకొస్తాయి?

చెట్టు పైన ఎంత ఎత్తుంటే కింద అంత లోతుకు వేళ్లు ఉంటాయని చాలామంది అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి నీళ్లూ, పోషకాలూ పీల్చే సన్నటి వేళ్లలో ఎక్కువ భాగం పై రెండు అడుగుల మట్టిలోనే ఉంటాయి. గాలి, తేమ, కుళ్లిన ఆకుల బలం దొరికేది అక్కడే కదా. పక్కకు మాత్రం కొమ్మల నీడ దాటి చాలా దూరం పాకుతాయి.

వేరుకు కళ్లుండవు. 'అదిగో నీళ్లు' అని దూరం నుంచి పసిగట్టి రాదు. అన్ని వైపులకూ పాకుతూ ఉంటుంది. పాకిన చోట తడీ, ఎరువూ, గుల్ల మట్టీ తగిలితే అక్కడ గుబురుగా చీలుతుంది. గట్టి నేల తగిలితే మెల్లబడుతుంది. మా పెరడంతా మొరం. దాని మధ్యలో నేను కట్టిన మడి ఒక్కటే మెత్తన, చల్లన, బలం. ఇక రాకేం చేస్తుంది?

నేను చేసిన పని

ఇక్కడి నుంచి చెప్పడానికి కాస్త మొహమాటంగానే ఉంది.

చెట్టు కొట్టించేద్దామని మా వారితో అన్నాను. "అమ్మతో నువ్వే చెప్పు" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు. దానికి తోడు ఊళ్లో చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ఉంది, ముందు అనుమతి అడగాలి. సరే, చెట్టు వద్దు, వేళ్లు నరికిస్తే చాలు కదా అనుకున్నాను.

జూన్‌లో అత్తమ్మ వారం రోజులు కరీంనగర్‌లో కూతురింటికి వెళ్లింది. ఆమె ఉన్నప్పుడు ఈ పని జరగదని నాకు తెలుసు. రెండో రోజే లేబర్ అడ్డా నుంచి ఇద్దరిని పిలిపించాను. మడి దగ్గర తవ్వితే మళ్లీ మళ్లీ వస్తాయి, మొదట్లోనే తెగ్గొడితే పీడా పోతుందని, కాండానికి నాలుగు అడుగుల దూరంలోనే కందకం తీయించాను. రెండున్నర అడుగుల లోతు. సన్నటివి ఎన్ని తెగాయో లెక్కలేదు. మణికట్టంత లావువి రెండు తగిలాయి. "అమ్మా, ఇవి పెద్ద వేర్లు, కొట్టమంటవా?" అని ఒకతను ఆగాడు. కొట్టమన్నాను. కందకంలో పాత ఫ్లెక్సీ ఒకటి నిలబెట్టి మట్టి కప్పించేశాను. అత్తమ్మ వచ్చేసరికి పైన ఆకులు కూడా చల్లి ఉంచాను.

ఆమె వచ్చింది, చూసింది. ఏమీ అనలేదు. నేనూ చెప్పలేదు.

సెప్టెంబరులో చెట్టు ఎండటం మొదలుపెట్టింది. ముందు కొమ్మల చివర్లు. ఆకులు కాలినట్టు ఎర్రబారి రాలిపోయాయి. తర్వాత చిటారు నుంచి కిందికి కొమ్మలకు కొమ్మలే. బతుకమ్మ పండుగ వచ్చేసరికి సగం చెట్టు మోడు. అత్తమ్మ అన్నం సరిగా తినేది కాదు. పొద్దున్నే లేచి చెట్టు మొదట్లో పసుపునీళ్లు పోసి నిలబడేది. ఇంటికి ఏదో కీడు జరగబోతోందని ఆమె భయం. ఆ కీడు నేనేనని నా భయం.

ఒక రాత్రి ఇక ఆగలేక చెప్పేశాను. కందకం, నరికిన వేళ్లు, ఫ్లెక్సీ, అన్నీ. తిడుతుందనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "నాకొక్క మాట చెప్పకపోతివి బిడ్డా. రోజూ నీళ్లు పోసేది నువ్వేనాయె. నీళ్లున్న కాడికి రాక అదెటు పోతది?"

ఊరంతా ఎండుతున్న వేపలు

ఆ వారంలోనే తెలిసింది, ఎండుతున్నది మా చెట్టొక్కటే కాదని. హంటర్ రోడ్డు వెంబడి, పక్క ఊళ్లలో పొలం గట్ల మీద, ఎక్కడ చూసినా వేపచెట్లు అలాగే ఉన్నాయి. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు ఎండిన సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. అది ఫోమోప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులని వ్యవసాయ శాస్త్రవేత్తలు తేల్చారు. రసం పీల్చే టీ దోమ కూడా తోడై చెట్లను మరింత దెబ్బతీసింది.

పేపరు కట్టింగు తెచ్చి అత్తమ్మకు చదివి వినిపించాను. ఆమెకు కాస్త ఊరట. నాకు మాత్రం సగమే ఊరట. తెగులు నేను తేలేదు, నిజమే. కానీ అన్ని చెట్లకూ తెగులొచ్చిన ఏడాదే మా చెట్టుకు ఒక పక్క వేళ్లు నేను లేకుండా చేశాను. జ్వరమొచ్చిన మనిషికి అన్నం కూడా తీసేసినట్టు. మా పక్క వీధిలో వేపకు కొమ్మల చివర్లే పోయాయి. మాదానికి సగం పోయింది. ఆ తేడా దేనివల్లో ఎవరు చెప్పగలరు? నా లెక్కలో మాత్రం అది నా మీదే ఉంది.

తర్వాత అడిగి తెలుసుకున్న సంగతి ఒకటుంది, అది ముందే తెలిస్తే బాగుండేది. కాండం ఎంత మందముందో చూసుకుని, దానికి కనీసం ఆరు రెట్ల దూరం లోపల లావు వేళ్లను ముట్టకూడదు. మా చెట్టు అడుగున్నర మందం. అంటే తొమ్మిది అడుగుల లోపలికి గడ్డపారే పోకూడదు. నేను నాలుగు అడుగుల్లో కొట్టించాను! కాండం దగ్గరి లావు వేళ్లు చెట్టును నిలబెట్టేవి. అవి తెగితే మరో గాలివానకు చెట్టు ఒరిగి గోడ మీదో, డాబా మీదో పడొచ్చు. ఆ ఏడాది పెద్ద గాలి రాకపోవడం మా అదృష్టం.

పోనీ, అంత పాపం చేసినందుకు మడి అయినా బాగుపడిందా? లేదు. ఏడాది తిరిగి చూస్తే ఫ్లెక్సీ అతుకుల్లోంచి, చిరుగుల్లోంచి వేళ్లు దూసుకొచ్చేశాయి. పైగా మడి దగ్గర వేపమొలకలు లేచాయి. గింజ పడి మొలిచాయనుకుని పీకితే రావే! తవ్వి చూస్తే తెగిన వేరు ముక్కల నుంచి వచ్చిన పిలకలు. వేపకు వేరు గాయపడితే అక్కడి నుంచి పిలక వేసే గుణముంది.

నలుగురూ చెప్పిన చిట్కాలు

ఈ లోపు సలహాలకేం కొదవలేదు. బాత్రూం యాసిడ్ పోయమన్నారొకరు. రాళ్ల ఉప్పు పోయమన్నారొకరు. మైలుతుత్తం కలిపి పోస్తే వేళ్లు మాడిపోతాయన్నారు ఇంకొకరు. దయచేసి ఏదీ చేయకండి. వేరును చంపేది వంకాయ వేరునూ చంపుతుంది. ఉప్పు మట్టిలో ఉండిపోతుంది. మైలుతుత్తంలోని రాగి కూడా అంతే, పేరుకుపోయి వానపాములను కూడా బతకనివ్వదు. మా వీధి చివరి ఇంట్లో మొద్దు చావాలని ఉప్పు పోశారు. మొద్దు చచ్చింది, ఆ చుట్టుపక్కల గడ్డి కూడా మొలవలేదు.

మడి వదిలేసి గ్రోబ్యాగులు పెడదామనుకున్నాను. అదీ అయింది. పది బ్యాగులు తెచ్చి నేల మీదే వరసగా పెట్టాను. నాలుగు నెలల తర్వాత ఒకటి జరుపుదామంటే కదలదు. బలంగా లాగితే అడుగు చిరిగింది. నీళ్లు పోవడానికున్న బెజ్జాల్లోంచి వేపవేళ్లు పైకెక్కి లోపలంతా అల్లుకున్నాయి. వేళ్లు కిందికే పోతాయని ఎవరన్నారో గానీ, తడి ఉంటే పైకి కూడా ఎక్కుతాయి.

చివరికి ఏది పనిచేసింది?

2022 వేసవిలో మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి అత్తమ్మ కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుంది.

మొదటి పని, అడ్డుగోడ. చెట్టు దగ్గర కాదు, మడి దగ్గర. కాండానికి పన్నెండు అడుగుల దూరంలో, మడికి రెండు అడుగుల ఇవతల సన్నటి కందకం తీశాం. రెండున్నర అడుగుల లోతు, మడి రెండు చివర్లా రెండేసి అడుగులు ఎక్కువ పొడవు. అంత దూరంలో తగిలినవన్నీ వేలంత వేళ్లే. వాటిని గడ్డపారతో చితక్కొట్టకుండా పదునైన రంపంతో నున్నగా కోశాం. రైతులు ఫామ్‌పాండ్లకు పరిచే 500 మైక్రాన్ల నల్ల షీటును రెండు మడతలు వేసి నిలబెట్టాం. అతుకు వచ్చిన చోట ఒకదాని మీద ఒకటి అడుగున్నర ఎక్కించాం. పైఅంచు మట్టి మీదికి రెండు అంగుళాలు కనిపించేలా వదిలాం. లేకపోతే వేరు షీటు మీద నుంచే దాటేస్తుంది. నాలుగు వైపులా అక్కర్లేదు, చెట్టున్న వైపు చాలు. షీటు కింద నుంచి ఎప్పటికైనా కొన్ని వస్తాయి. కానీ ఆ లోతులో గుబురు కట్టవు.

రెండో పని, ఏడాదికి రెండుసార్లు అంచు కోత. వానాకాలం ముందొకసారి, దసరా తర్వాత ఒకసారి మడి అంచు వెంబడి పార నిలువుగా దించుకుంటూ పోతాను. అరగంట పని. తెగేవి దారాల్లాంటి సన్న వేళ్లు. వాటితో చెట్టుకు నష్టం లేదు, మళ్లీ వేసుకుంటుంది. ప్రతి పంటకూ ముందు మడి మట్టిని అడుగు లోతు తిరగేసి, దొరికిన వేళ్లు ఏరేస్తాను.

మూడోది, పంటల మార్పు. బలం ఎక్కువ కావాల్సిన టమాటా, వంకాయ గ్రోబ్యాగుల్లోకి వెళ్లాయి. బ్యాగులు నేల మీద కాదు, అడుగు ఎత్తున్న ఇనుప స్టాండు మీద. మధ్యలో గాలి ఉంటే వేరు దాటదు. మడిలో గోంగూర, తోటకూర, పాలకూర, మెంతికూర. నెల, నెలన్నరలో చేతికొచ్చే ఆకుకూరలకు వేళ్లతో పోటీ తక్కువ. చెట్టు నీడ పడే వైపు తొట్లలో అల్లం, పసుపు, పుదీనా. వాటికి సగం నీడ ఇష్టమే.

నాలుగోది, నీళ్లు. అప్పట్లో పైపు వదిలేసి ఫోన్ మాట్లాడేదాన్ని. మడి పొంగి పెరడంతా తడిసేది. ఇప్పుడు డ్రిప్ పైపు వేసి, మీద ఎండుటాకులు కప్పాను. మడి బయట తడి లేదు. ఇంకో మాట, చెట్టుకు కూడా విడిగా నీళ్లిస్తున్నాం. ఎండాకాలంలో వారానికొకసారి, మడికి అవతలి పక్క. ఇది అత్తమ్మ ఆలోచన. "దాని పాలు దానికి పెడితే నీ దాంట్ల చెయ్యెందుకు పెడ్తది?" అంటుంది. దానివల్లే వేళ్లు తగ్గాయని నేను గట్టిగా చెప్పలేను. చెట్టు మాత్రం కోలుకుంది.

నాటే ముందే ఆలోచిస్తే...

మాకు మామయ్య నాటిన చెట్టు కాబట్టి సర్దుకున్నాం. మీరు ఇప్పుడే నాటబోతుంటే ముందే చూసుకోండి. మర్రి, రావి, మేడి లాంటివి పెరటి చెట్లు కావు. వేళ్లు గోడలు, పైపులు చీలుస్తాయి. కోనోకార్పస్ జోలికి అసలు వెళ్లొద్దు. పచ్చగా, గుబురుగా, తొందరగా పెరుగుతుందని హరితహారంలో విరివిగా నాటారు, తర్వాత వద్దన్నారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో ఏకంగా నిషేధించింది. కూరగాయల పక్కన కరివేపాకు, నిమ్మ, బొప్పాయి, మునగ లాంటివైతే అంత ఇబ్బంది ఉండదు. వేప, మామిడి లాంటివి పెంచుకోవాలనుంటే తప్పకుండా పెంచుకోండి. మడిని వీలైనంత దూరం జరపండి, లేదా డాబా మీదికి ఎక్కించండి.

మరి ఎవరు గెలిచారంటారా? 2022 ఉగాది ఏప్రిల్ 2న వచ్చింది. ఆ పొద్దున అత్తమ్మ కొంగు పట్టుకుని చెట్టు కింద తిరుగుతోంది. ఎండిన కొమ్మల మధ్య నుంచి కొత్త చిగుళ్లు వచ్చాయి గానీ పువ్వు ఎక్కడా కనిపించలేదు. నేను డాబా ఎక్కి వెతికాను. పిట్టగోడ వైపు వాలిన ఒక్క కొమ్మకు నాలుగు గుత్తులు పూశాయి. దూసుకొచ్చి ఆమె కొంగులో పోశాను. ఎప్పుడూ చాటెడు వచ్చే చోట గుప్పెడు.

"సరిపోతది పచ్చడికి" అంది.

ఈ ఏడాది మళ్లీ చాటెడు వచ్చింది. మడిలో గోంగూర కూడా బాగానే ఉంది. వంకాయలు మాత్రం ఇంకా స్టాండు మీదే.